చెంద్రి అనే బర్రెతో మరిపెడ నుంచి హనుమకొండకు

వరంగల్ చూడబోయేవాళ్ళకు దారి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వేయిస్తంభాల గుడికి ఏ బస్సు ఎక్కాలో, కోటకు రిక్షావాడు ఎంత అడుగుతాడో పత్రికల్లో మీరు చదివే ఉంటారు. బర్రెను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు తీర్చే భారం ఏడో తరగతి రెండుసార్లు చదివిన నా మీద పడింది. కాబట్టి మీ ఇంట్లో పశువు మేత మానేసి, ఊళ్ళో మందులన్నీ అయిపోయి, ఇక పెద్ద దవాఖానకు తీసుకెళ్దామా వద్దా అని మీరు తల గోక్కుంటూ ఉంటే, ఇది మీ కోసమే.

మా మరిపెడ ఈమధ్యే మండలం అయ్యింది. ఆఫీసులు వచ్చాయి, బోర్డులు వచ్చాయి, ఖమ్మం బస్సులు ఆగేచోట హోటళ్ళు పెరిగాయి. ఆ రోడ్డు మీదే నాకు సైకిల్ టాక్సీ ఉంది. గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికి ఇస్తాను, పంక్చర్లు వేస్తాను. దుకాణం వెనక మా అక్క కొమురమ్మ ఇల్లు. బావ పోయినప్పటి నుంచి ఆ ఇల్లు చెంద్రి పాల మీదే నడుస్తోంది. చెంద్రి అంటే అక్క బర్రె. నుదుటి మీద చందమామలాంటి తెల్లమచ్చ ఉంటుంది, అందుకే ఆ పేరు. దాని పాలు అక్క రెండు హోటళ్ళకు పోస్తుంది.

అసలు కథ ఆ హోటళ్ళలో ఒకదాని యజమాని నర్సయ్యతో మొదలైంది. ఒకరోజు పొద్దున్నే వచ్చి పాలల్లో నీళ్ళు కలుస్తున్నాయని అక్క మీద అరవడం మొదలుపెట్టాడు. నేను చప్పుడు చేయకుండా చెంద్రి కుడితి తాగే మట్టి గోలెం వెనక కూర్చుని, గొంతు లావు చేసి, "నర్సయ్యా, నీళ్ళు కలిపేటోడివి నువ్వు, బద్నాం నాకా?" అన్నాను. బర్రె మాట్లాడిందనుకుని ఆ మనిషి వెనక్కి ఎగిరి గోలెంలో కూలబడ్డాడు. గోలెం మూడు ముక్కలైంది. రోడ్డు రోడ్డంతా నవ్వింది, అక్క తప్ప. "నర్సయ్య రేపటికి మర్సిపోతడు, మరి చెంద్రి దేంట్ల తాగాలె?" అని అడిగింది. పంక్చర్ ఎక్కడుందో చూడటానికి ట్యూబులు ముంచే ఇనుప తొట్టి నా దుకాణంలో ఉంది. పొద్దున, సాయంత్రం కుడితికి అది వాడుకోమన్నాను. పగలు నా ట్యూబులు, రెండు పూటలా చెంద్రి కుడితి. అక్క రోజూ గోడ అవతలి నుంచి "తొట్టి కడిగినవారా?" అని అడిగేది. "అద్దం లెక్క మెరుస్తాంది, మొఖం చూస్కో పో" అనేవాణ్ణి. నీళ్ళు పారబోయడం మాత్రమే కడగడం అనుకుంటే, కడిగినట్టే.

రెండు నెలలకు చెంద్రి కుడితి దగ్గర మొహం తిప్పేసుకుంది. పాలు సగానికి తగ్గి, తర్వాత గ్లాసుడుకు వచ్చాయి. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు వాత పెట్టాలన్నారు. ఇద్దరి మాటా విన్నాం. డొక్క మీద రెండు వాతలు పడ్డాయి గానీ మేత పెరగలేదు. చివరికి మా ఊరి పశువుల కంపౌండర్ ఒక మాట చెప్పాడు. హనుమకొండ పశువుల దవాఖానకు యూనివర్సిటీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఉందని, బర్రెలకు నొప్పి వస్తే అవి ఎలా తెలియజేస్తాయో చూసి పెద్ద పుస్తకం రాస్తోందని, జబ్బు పశువులను దగ్గర ఉండి చూస్తోందని. "చూసుడేంది, అది సినిమానా?" అన్నాను నేను. అక్క మాత్రం లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

మరిపెడ నుంచి వరంగల్‌కు డెబ్బై అయిదు కిలోమీటర్ల పైమాటే. మనిషికైతే బస్సు ఉంది, ఎనిమిది రూపాయలు. బర్రెకు లారీయే గతి. ఖాళీ సంచుల కట్టలు వేసుకుని మార్కెట్‌కు వెళ్ళే యాకూబ్ లారీ తెల్లవారుజామున అయిదింటికి మా రోడ్డు మీద ఆగుతుంది. మర్నాడు వెళ్ళి అడిగాను.

"నలభై ఇయ్యి, ఎక్కించుకుంట. గని పేడ ఏస్తె ఎవడు కడుగుతడు?" అన్నాడు యాకూబ్.

"నేను కడుగుత భాయ్."

"నీ మాట మీద పోయినసారి సైకిల్ కిరాయికి తీస్కున్న. సీటు కింద కప్ప ఎల్లింది."

"ఆ కప్పకు కిరాయి తీస్కున్ననా? ముఫత్ ఇచ్చిన గద."

అక్క మధ్యలో వచ్చి, "నేను కడుగుత తమ్మీ, వాని మాట ఇడిసిపెట్టు" అంది. యాకూబ్ వెంటనే వెనక తలుపు దించాడు. మా అక్క మాటకు ఉన్న విలువ నా మాటకు లేదని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

పశువును లారీ ఎక్కించేటప్పుడు చెక్కపలకలు నమ్ముకోకండి. రైస్‌మిల్లుల ముందు బస్తాలు దించే గద్దె ఉంటుంది, లారీని దానికి ఆనించమనండి. చెంద్రి గద్దె మీదికి బాగానే నడిచి లోపలికి వెళ్ళింది. కింద తడి ఇసుక, దాని మీద గడ్డి పరిచాం, కాలు జారదు. పాలు తాగే దాని దుడ్డెను పక్కింట్లో అప్పగించి నేనూ అక్కా చెంద్రికి చెరో పక్కన నిలబడ్డాం. లారీ కదిలిన కాసేపటికి చెంద్రి ఒక వింత పని చేసింది. ముందు కాళ్ళు రెండూ తీసి సంచుల కట్ట మీద పెట్టి, ముందు ఎత్తు, వెనక పల్లం చేసుకుని నిలబడింది.

"సూడక్కా, తాసిల్దార్ కుర్చీ ఎక్కినట్టు ఎక్కింది నీ బర్రె."

"నవ్వకు. ఎందుకట్ల పెట్టిందో దానికే ఎరుక."

దంతాలపల్లి దాటి ఆరింటికి తొర్రూరులో ఆగాం. బస్టాండు ఎదురుగా చాయ్ బాగుంటుంది, ఉప్మా వద్దు. అక్క చాయ్ కూడా తాగలేదు, చెంద్రి ముందు పచ్చి గడ్డి పట్టుకుని నిలబడింది. అది వాసన చూసి తల పక్కకు తిప్పింది. తొర్రూరు తర్వాత రోడ్డు గుంతలు. రోడ్డు పల్లానికి దిగినప్పుడల్లా చెంద్రి చిన్నగా మూలుగుతోందని నాకప్పుడే తెలిసింది. ఎక్కేటప్పుడు లేదు, దిగేటప్పుడే. రాయపర్తి దాటేసరికి ఎక్కడ మూలుగుతుందో ముందే చెప్పగలిగే స్థితికి వచ్చాను. క్యాబిన్ వెనక కిటికీలోంచి యాకూబ్‌తో చాయ్ పందెం కాశాను. "వర్ధన్నపేట కాడ వాగు వంతెనకు దిగేటప్పుడు మూలుగుతది, కాస్కో." మూలిగింది. చాయ్ గెలిచాను. గెలిచిన ఊపులో ఆ మూలుగును అచ్చం దానిలాగే మూలిగి వినిపించాను. యాకూబ్ పగలబడి నవ్వాడు.

"నీకు నొస్తె ఎవలన్న గిట్లనే నవ్వాలె, అప్పుడు తెలుస్తది" అంది అక్క. ఆ తర్వాత మామునూరు దాకా ఆమె నాతో మాట్లాడలేదు.

తొమ్మిది కావస్తుండగా యాకూబ్ మమ్మల్ని ములుగు రోడ్డు దగ్గర దింపాడు. అక్కడ గద్దె లేదు. రోడ్డు పక్క మట్టిదిబ్బకు లారీని ఆనించాడు. దిబ్బ మీదికి వచ్చింది గానీ, దిబ్బ దిగమంటే చెంద్రి కదలదు. మోకాళ్ళు బయటికి పెట్టి, వెన్ను వంచి, ఒక్కో అడుగూ వేస్తూ ఆ పది గజాలు దిగడానికి పావుగంట తీసుకుంది. యాకూబ్ మార్కెట్‌కు ఆలస్యమవుతున్నా నిలబడి, తోక పక్క నుంచి ఒక చేయి ఆసరా ఇచ్చాడు. నలభైలో పది రూపాయలు తిరిగి అక్క చేతిలో పెట్టి, "జర నెమ్మదిగ నడిపియ్యుండ్రి అక్కా. ఫికర్ చెయ్యకు, రేపు పొద్దుగాల మళ్ళ ఈడికే వస్త" అని వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి దవాఖాన మామూలుగా ఇరవై నిమిషాల నడక. మాకు గంట పట్టింది.

దవాఖానలో రెండు రూపాయల చీటీ రాయించుకోవాలి. చీటీ రాసేవాడు మమ్మల్ని వెనక షెడ్డుకు పంపాడు. అక్కడ ఒక స్టూలు మీద ముప్పై ఏళ్ళ డాక్టరమ్మ కూర్చుని ఉంది. తెల్లకోటు, కాళ్ళకు గమ్‌బూట్లు, ఒళ్ళో లావుపాటి రిజిస్టరు, చేతికి గడియారం. మాట తీరు గుంటూరు వైపుది. చెంద్రిని నీడన వదలమని, మమ్మల్ని పక్కన కూర్చోమని చెప్పింది. తర్వాత ఏమీ చేయలేదు. బర్రెను చూస్తూ కూర్చుంది. అప్పుడప్పుడూ గడియారం చూసి ఏదో రాసుకుంటుంది. పావుగంట అయింది. ఇరవై నిమిషాలు అయింది.

"మేడమ్, అది ఫోటో దిగనీకె రాలే, మందు కోసం వచ్చింది" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "మీరు వచ్చినప్పటి నుంచి మీ బర్రె ఒక్కసారి కూడా నెమరు వేయలేదండి. ఎడమ చెవి వెనక్కి పెట్టి ఉంచింది. మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి నిలబడింది. ఊపిరి వదిలేటప్పుడు రెండుసార్లు పళ్ళు కొరికింది. మనిషి దగ్గరికి రాగానే పశువు తన నొప్పి దాచుకుంటుంది. అందుకే ముందు దూరం నుంచి చూస్తాను" అంది. అంతలోనే నావైపు తిరిగి, "ఇక్కడికి ఎలా వచ్చారు? లారీలోనా? లారీలో ఎలా నిలబడింది?" అని అడిగింది.

నేను చెప్పాను. ముందు కాళ్ళు సంచుల మీద పెట్టిన సంగతి, దిగుళ్ళ దగ్గర మూలిగిన సంగతి, చాయ్ పందెం సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. పెన్ను ఆపకుండా రాసుకుంది. "ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా మూలగలేదా? కచ్చితంగానా? దిబ్బ దిగడానికి ఎంతసేపు పట్టింది?" అని గుచ్చిగుచ్చి అడిగింది. నా వెక్కిరింతలన్నీ నీలం సిరాతో వరుసగా రిజిస్టరులోకి ఎక్కుతున్నాయి. నా మాట ఒకరు అంత శ్రద్ధగా రాసుకోవడం నా జన్మలో అదే మొదలు.

అక్క చెంద్రికి నీళ్ళు తేవడానికి బకెట్టు తీసుకుని నల్లా దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ నా చేత, ఒక అటెండరు చేత చెంద్రి రొమ్ము కింద వెదురుబొంగు పట్టించి మెల్లగా పైకి ఎత్తించింది. ఎత్తగానే మూలిగింది, వంతెన దగ్గర మూలిగినట్టే. తర్వాత పొడుగు కాడ ఉన్న గరిటెలాంటి యంత్రం తెచ్చి, దాని గొట్టాలు చెవులకు తగిలించుకుని ఒళ్ళంతా తడిమింది. ఎడమ మోచేతి వెనక ఆగి, గొట్టాలు నా చెవులకు పెట్టింది. లోపల ఈల వేస్తున్నట్టు కీచుమని కూత.

"లోపల ఇనుము ఉందండి. కానీ మన బర్రెల్లో చాలావాటికి ఎంతో కొంత ఇనుము ఉంటుంది. మనం అన్నం తినేటప్పుడు రాయి తగిలితే ఉమ్మేస్తాం. ఇవి అలా కాదు, కుడితిలో ఏముంటే అది మింగేసి తర్వాత తీరిగ్గా నెమరు వేస్తాయి. ఆ ఇనుము ఊరికే పడి ఉందో, గుచ్చుకుందో ఈ యంత్రం చెప్పదు. గుచ్చుకుంటే, పల్లం దిగినప్పుడల్లా బరువు ముందుకు పడి నొస్తుంది, దాని ముందే గుండె ఉంటుంది. ఇంతకీ ఇది కుడితి దేంట్లో తాగుతుంది? దగ్గర్లో కమ్మరి కొలిమి, మెకానిక్ షాపు లాంటివి ఏమైనా ఉన్నాయా?"

"మట్టి గోలెంల మేడమ్" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. "కొలిమి లేదు, ఏం లేదు. పక్కపొంటి అంత శుభ్రం."

ఆమె రాసుకుంది. మట్టి గోలెం. కాసేపు రిజిస్టరు వైపు, చెంద్రి వైపు మార్చి మార్చి చూసింది. ఈలోగా అక్క బకెట్టుతో వచ్చింది. డాక్టరమ్మ ఆమెతో, "అమ్మా, మీ ఇంట్లో ఇనుము తగిలే దారి లేదంటున్నారు. అప్పుడు ఈ నొప్పి కాలేయంలో గడ్డ వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. మనిషి తిండి మానేసి నీరసపడినట్టు ఇదీ నీరసపడింది. అనవసరంగా కడుపు కోస్తే తట్టుకోలేదు. మందు రాస్తాను, ఇంటికి తీసుకెళ్ళి మూడు రోజులు చూడండి" అంది.

అక్క తల ఊపి చీటీ కొంగున ముడేసుకుంది. పలుపు పట్టుకుని చెంద్రిని తిప్పింది. షెడ్డు గుమ్మం దగ్గర జానెడు దిగుడు ఉంది. చెంద్రి అక్కడ ఆగింది. అక్క "దా బిడ్డా, ఇంటికి పోదాం" అంటోంది. చెంద్రి ముందుకాలు ఎత్తింది, మళ్ళీ అక్కడే పెట్టింది. నా వైపు చూసిందని రాయను, అలా రాస్తే అది కూడా నా అబద్ధాల్లో ఒకటి అవుతుంది. అది గుమ్మం వైపే చూస్తోంది. ఆ జానెడు దిగడానికి భయపడుతోంది, అంతే. మళ్ళీ డెబ్బై అయిదు కిలోమీటర్లు, ఆ దిగుళ్ళన్నీ, చివరికి మళ్ళీ నా తొట్టి.

"మేడమ్, గోలెం కాదు" అన్నాను. "గోలెం నేనే పలగ్గొట్టిచ్చిన. రెండు నెలల సంది నా సైకిల్ దుకాణం తొట్టిల తాగుతాంది. అండ్ల వాల్వు పిన్నులు పడ్తయి, ఇరిగిన స్పోకులు పడ్తయి. కడిగిన అని చెప్తున్న గని అడుగు తుడ్వలే."

అక్క పలుపు పట్టుకునే నా వైపు తిరిగింది.

"సాయిలూ, రోజు అడిగిన గదరా నిన్ను."

అంతే అంది. తిట్టి ఉంటే ఎదురు చెప్పడానికి నా దగ్గర వంద మాటలు ఉండేవి.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి 'మట్టి గోలెం' అన్న మాట మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన 'సైకిల్ షాపు ఇనుప తొట్టి' అని రాసింది. ఆ గీత కింద నా అబద్ధం చక్కగా కనబడుతూనే ఉంది. "ఆ కాగితం చింపి మళ్ళ రాయరాదు మేడమ్?" అన్నాను. "చింపకూడదండి. ముందు ఏం చెప్పారో, తర్వాత ఏం సరిదిద్దారో రెండూ ఉండాలి. రేపు ఇంకో డాక్టరు చదివితే, పశువుగలవాళ్ళను ఈ ప్రశ్న రెండుసార్లు అడగాలని తెలుసుకుంటాడు" అంది. తర్వాత చేతి గడియారం తీసి అటెండరుకు ఇచ్చింది. "ఇవాళే తెరుద్దాం."

పదకొండున్నరకు చెంద్రిని ఇనుప పైపుల చట్రంలో నిలబెట్టారు. ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీకి, తిమ్మిరి సూదులు వేశారు. అక్కడే పాత వాతల మచ్చలు ఉన్నాయి. డాక్టరమ్మ వాటి మీద వేలు పెట్టి, "ఎన్ని రోజుల కిందటివి?" అని మాత్రం అడిగి రాసుకుంది. మందలించలేదు. అప్పుడు నన్ను తల దగ్గర నిలబడమంది. "తెలిసిన గొంతు వినిపిస్తూ ఉంటే పశువు గుండె తక్కువ వేగంతో కొట్టుకుంటుందేమో చూస్తున్నాను. మీరు మాట్లాడుతూ ఉండండి. ఆపకండి."

బర్రె గొంతుతో మాట్లాడటం నాకు తెలుసు. బర్రెతో ఏం మాట్లాడాలో మాత్రం తోచలేదు. ఒక్క పరాచికం కూడా నోటికి రాలేదు. చివరికి వచ్చిన దారి చెప్పడం మొదలుపెట్టాను. "మరిపెడ, దంతాలపల్లి, తొర్రూరు, రాయపర్తి, వర్ధన్నపేట, మామునూరు. మళ్ళ మామునూరు, వర్ధన్నపేట, రాయపర్తి..." ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి, ఆ ఊళ్ళ మీదుగా ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. చెంద్రి చెవి నా వైపు తిరిగి ఉంది. అక్క రెండో పక్కన నిలబడి కోత వైపు కళ్ళార్పకుండా చూసింది. డాక్టరమ్మ చేయి భుజం దాకా లోపలికి పోయింది. కళ్ళు మూసుకుని, ఎక్కడో అటక మీద దేనికోసమో తడుముతున్నట్టు వెతికింది. మొదట రెండు బేరింగు గుండ్లు వచ్చాయి. తర్వాత వాల్వు పిన్నులు, చైను ముక్క. అన్నీ నా దుకాణానివే, నేను గుర్తు పట్టగలను. ఆఖరున ఆమె మొహం మారింది. "గోడకు దిగి ఉంది" అంది. చిన్నగా లాగి బయటికి తీసింది. వేలెడు స్పోకు ముక్క, ఒక కొస సూది.

ఆ ముక్కను పళ్ళెంలో పెడితే టంగుమని మోగింది. "ఇంకో రెండు రోజులైతే నేను చేయగలిగింది ఉండేది కాదు" అని కుట్లు వేయడం మొదలుపెట్టింది. "అయినా ఇప్పుడే గెలిచామని అనుకోకండి. నెమరు వేస్తేనే బతికినట్టు."

పశువుతో వెళ్ళేవాళ్ళు ఒక రాత్రి ఉండేలాగే బట్టలు తీసుకెళ్ళండి. దవాఖాన ఆవరణలో వేపచెట్టు కింద పడుకోనిస్తారు, నల్లా ఉంది. తిండికి చౌరస్తా దాకా పోనక్కర్లేదు. గేటు ఎదురుగా ఒక చిన్న హోటల్ ఉంది, భోజనం నాలుగు రూపాయలు, పప్పుచారు అడిగినంత పోస్తారు. వండే మనిషిది పరకాల. అక్క తినకుండా లేచి వెళ్ళిపోతుంటే ఆయన ఆపి సంగతి అడిగాడు. నేను చెప్పాను, తొట్టి సంగతితో సహా.

"అట్లనా. పొయ్యి మీదికెల్లి గంజి వంచిన. సల్లగైనంక పట్టుకపో అక్కా. డాక్టరమ్మ సరేనంటె తాపు" అన్నాడు ఆయన. గంజిని రెండుసార్లు బట్టలో వడగట్టి, నా వైపు చూసి, "వడగట్టిన, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. నాకు నచ్చింది ఆ దెబ్బ. నేనైనా అదే అనేవాణ్ణి. గంజికి పైసలు తీసుకోలేదు. "పశువు తాగితె నాకు చెప్పి పోండ్రి, గదే పైసలు" అన్నాడు.

సాయంత్రం దాకా చెంద్రి తల వేలాడేసుకుని నిలబడింది. గంజి ముట్టలేదు. డాక్టరమ్మ గంటకోసారి వచ్చి చూసి రాసుకుంది. ఇంటికి వెళ్ళే వేళ అయినా వెళ్ళలేదు. అక్క చెంద్రి పక్కన కూర్చుంది, నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను. ఏదైనా ఒక మాట అని నవ్వించడం నాకు వచ్చిన ఒకే ఒక్క పని. ఆ రోజు అది చేయకుండా ఉండటమే నేను చేసిన మంచి పని. పొద్దు పోయాక అక్క నా వైపు ఒక దుప్పటి విసిరింది. మాట్లాడలేదు గానీ విసిరింది.

తెల్లవారి ఆరున్నరకు మెలకువ వచ్చేసరికి అక్క నా భుజం గట్టిగా పట్టుకుని ఉంది. వేలితో చూపించింది. చెంద్రి పడుకుని ఉంది. గొంతులో ఒక ఉండ కిందినుంచి పైకి పాకడం కనబడింది. తర్వాత దవడ పక్కకు కదిలింది, మళ్ళీ కదిలింది. బర్రె నెమరు వేయడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నిజంగా చూడటం మాత్రం అప్పుడే. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "గంజి తేపో, సల్లారనియ్యి" అంది. అది నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట. పరిగెత్తాను.

డాక్టరమ్మ మరో అయిదు రోజులు చెంద్రిని అక్కడే ఉంచింది. అక్క తోడుండిపోయింది, నేను యాకూబ్ లారీలో తిరిగొచ్చి దుడ్డెను, దుకాణాన్ని చూసుకున్నాను. కుట్లు ఎండాక మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చాను. వచ్చే ముందు డాక్టరమ్మ రిజిస్టరు నా ముందు పెట్టి సంతకం చేయమంది. నా అబద్ధం, దాని మీది గీత, పక్కన నిజం, అడుగున సాయిలు అని నా సంతకం. స్పోకు ముక్కను ఆమె చీటీ కట్టి సీసాలో పెట్టుకుంది. చేతులెత్తి దండం పెడితే, "నాకెందుకండి? నేను దారంతా మీతో లేను. దిగుళ్ళలో మూలిగిందని గమనించి చెప్పింది మీరే కదా" అంది. ఎగతాళి కోసం గమనించానని ఆమెకు తెలుసు. అయినా ఆ మాట అంది.

ఇంటికి వచ్చేటప్పుడు చెంద్రి నాలుగు కాళ్ళూ కిందే పెట్టి నిలబడింది. వర్ధన్నపేట వంతెన దగ్గర యాకూబ్ లారీని నడక వేగానికి తగ్గించి, కిటికీలోంచి "ఇప్పుడేమంటది?" అని అడిగాడు. ముగ్గురం చెవులు పెట్టి విన్నాం. ఏమీ అనలేదు. ఈసారి చాయ్ నేనే పోయించాను. ఆ బర్రె నోట నేను ఎన్నో మాటలు పెట్టి ఊరిని నవ్వించాను. అది తన సొంతంగా చెప్పిన మాటను వినడానికి మాత్రం గుంటూరు వైపు నుంచి ఒక మనిషి వచ్చి స్టూలు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆమె ఓపికకు, యాకూబ్ ఆసరా చేతికి, పరకాల వంటాయన గంజికి, నేను చేసిన దానికి నన్ను వెళ్ళగొట్టకుండా దుప్పటి విసిరిన మా అక్కకు నేను రుణపడి ఉన్నాను. ఇప్పుడు అక్క ఇంట్లో కొత్త గోలెం ఉంది, దాని దరిదాపులకు నన్ను రానివ్వదు. పాత రేడియో స్పీకరు విప్పి తీసిన అయస్కాంతం ఒకటి నా దుకాణంలో తాడుకు వేలాడుతోంది. సాయంత్రం దుకాణం ముందంతా, తొట్టి అడుగంతా దాన్ని తిప్పుతాను. అక్క వచ్చి దాన్ని ఇమ్మని చేయి చాపుతుంది. కడిగినవా, తుడిచినవా అని అడగదు. నా మాట నమ్మదు గానీ, అయస్కాంతానికి ఏం అంటుకుందో చూసుకుని ఇంట్లోకి వెళ్తుంది.

మీరు పశువును తీసుకుని బయల్దేరే ముందు చేయాల్సింది ఒక్కటే. అది కుడితి తాగే తొట్టిని వంచి, అడుగున మిగిలిందంతా చేత్తో తీసి, కాగితంలో పొట్లం కట్టుకుని వెంట తీసుకెళ్ళండి. డాక్టరు అడిగితే నోటితో ఏమీ చెప్పకండి. ఆ పొట్లం విప్పి చూపించండి.